కొసరు పేర్రాజు గారి తవ్వ

నేను ఒక ఇత్తడి తవ్వను. రెండు సోలల బియ్యం పట్టవలసినదాన్ని. పట్టవలసిన అనే మాట కాస్త గుర్తుపెట్టుకోండి. నా బతుకంతా దాని మీదే నడిచింది.

నన్ను చేసిన కంచరి నిజాయితీపరుడు. ఖర్మ కాలి రాజమండ్రిలో రేషను డిపో నడిపే పేర్రాజు చేతిలో పడ్డాను. రెండో ప్రపంచయుద్ధం రోజులు, బియ్యం దొరకడమే గగనం. పేర్రాజు నన్ను పొరుగూరు పట్టుకెళ్లి, నా అడుగును కింద నుంచి సుత్తితో లోపలికి కొట్టించాడు. పక్క నుంచి చూస్తే ఏమీ తెలియదు. ఆనాటి నుంచి నాలో రెండు గుప్పెళ్లు తక్కువ పట్టేవి.

ఆ మహానుభావుడు నన్ను నింపి, పైన చెయ్యి రాసి సమం చేసి, అందరూ చూస్తుండగా ఒక గుప్పెడు కొసరు వేసేవాడు. "పిల్లలున్న ఇల్లు, ఉంచుకోమ్మా" అనేవాడు. వరసలోని ఆడవాళ్లు దండం పెట్టేవారు. రెండు నొక్కేసి ఒకటి తిరిగిస్తే కొసరు పేర్రాజని పేరు! నాకు ఒళ్లు మండేది. కానీ ఇత్తడికి నోరేదీ?

చివరికి పేర్రాజు మనవరాలు విశాలాక్షి ఇంట్లో అద్దాల బీరువాకెక్కాను. ఆమె కూతురు చరణికి పదకొండేళ్లు. చరిత్ర పుస్తకం తెరిస్తే నిద్రపోతుంది. అందుకని విశాలాక్షి ఆదివారాలు ఇంట్లోనే ఇరవయ్యో శతాబ్దాన్ని నడిపిస్తోంది. ఉప్పు సత్యాగ్రహం వారం కాకినాడ నుంచి తెచ్చిన సముద్రపు నీళ్లు మరిగించి కుక్కరు మాడ్చారు. సత్యాగ్రహి అని ఆమె భర్త మాధవరావును బాత్రూములో ఖైదు చేసి, మరిచిపోయి బజారుకెళ్లారు.

ఈ వారం యుద్ధకాలపు రేషను. మర్నాడు బడిలో చరిత్ర ప్రదర్శన, అందులో నేనే ముఖ్య అతిథిని. "కరువులోనూ కొసరు మరవని పేర్రాజు" అని విశాలాక్షి అట్ట మీద అందంగా రాసింది. చుట్టాలందరికీ ఫోన్లు కూడా చేసేసింది. నా గుండె, అంటే నా అడుగు, దడదడలాడింది.

భోజనాల బల్లే డిపో. విశాలాక్షి పేర్రాజు. మాధవరావు ఎనిమిది మంది పిల్లల తండ్రి. చరణి వంటింట్లోంచి సోల తెచ్చింది. "రెండు సోలలు తవ్వ అన్నావుగా అమ్మా. పోసి చూద్దాం" అంది.

రెండో సోల పూర్తికాకుండానే బియ్యం బల్ల మీదికి జారాయి.

"మీ తాతగారి దయ పొంగిపోతోంది విశాలా" అన్నాడు మాధవరావు.

"మీరు నవ్వకండి" అంటూ ఆమె మూడుసార్లు పోసి చూసింది. చివరికి నన్ను బోర్లించింది. అడుగులోని గుంటలో ఆమె పిడికిలి చక్కగా ఇమిడింది.

"ఎక్కడో పడి సొట్టపోయుంటుంది."

"పడితే ఇంత గుండ్రంగా పోతుందా?" అంది చరణి.

విశాలాక్షి నన్ను గబుక్కున మళ్లీ నిలబెట్టేసింది. చిన్నప్పటి నుంచి ఆ కొసరు కథ చెప్పుకునే తలెత్తుకు తిరిగింది. "రేపు వేరే ఏదైనా పట్టుకెళ్దువుగాని" అంది.

"నాన్నని బాత్రూములో మరిచిపోయింది కూడా నా చేత నోటుపుస్తకంలో రాయించావు. జరిగిందంతా రాయాలన్నావు."

విశాలాక్షి తను రాసిన అట్ట చింపి, కూతురి చేతికి కొత్త అట్ట ఇచ్చింది. "కొసరు పేర్రాజు గారి తవ్వ. రెండు సోలలకు రెండు గుప్పెళ్లు తక్కువ. కొసరు ఒక గుప్పెడు" అని రాసింది చరణి. ఎనభై ఏళ్ల తరవాత నాకు నోరొచ్చింది.

ప్రదర్శనలో పిల్లలు ఎగబడి నాలో బియ్యం పోసి, కింద ఒలికించి, తెగ నవ్వారు. చరణి స్నేహితురాలి తాతమ్మ మంగతాయారమ్మ కూడా వచ్చింది. తొంభై ఏళ్ల మనిషి. అట్టను మునిమనవరాలి చేత చదివించుకుంది.

"మా అమ్మ ఈయన దగ్గరే తెచ్చేది. వండితే ఎప్పుడూ ఒకరికి చాలేది కాదు. తనకి ఆకలి లేదనేది. పాపం, ఆయన కొసరు కూడా వేశాడర్రా అనేది" అంది.

విశాలాక్షి నన్ను నిండా నింపి, ఆవిడ కొంగులో పోసింది. పైన ఒక గుప్పెడు వేసింది. ఇంకో గుప్పెడు వేసింది. అమ్మయ్య, తవ్వంటే ఇదీ అనుకున్నాను నేను.

మంగతాయారమ్మ కొంగు ముడెయ్యలేదు. అలాగే పట్టుకుని, విశాలాక్షి ముఖంలోకి చూసి బోసినోటితో నవ్వింది.

"ఇప్పటికి తవ్వయిందమ్మా. మరి కొసరేదీ?" అంది.