మధ్యాహ్నం గైర్హాజరు

మా పురపాలక సంఘంలో నేను కరెంటు పనివాణ్ణి. పందొమ్మిదేళ్ళుగా ఆ భవనంలో వెలిగే ప్రతి లైటూ నా చేతిమీదుగా వెలిగిందే. లైటు వెలిగినంత మాత్రాన లోపల కూర్చున్నవాళ్ళకి ఏదైనా కనబడుతుందన్న భ్రమ మాత్రం నాకు ఎప్పుడో పోయింది.

మా అక్క అదే సంఘంలో రోడ్లు ఊడ్చేవాళ్ళకి మేస్త్రీ. ఆమె కింద నలభై ఇద్దరు ఆడవాళ్ళు. పొద్దున ఆరు నుంచి పది దాకా ఒక విడత, మళ్ళీ పన్నెండు నుంచి మూడు దాకా రెండో విడత. ఈ రెండోది మా కమిషనర్ గారి తెలివి. మధ్యాహ్నం కారులో బజారు మీదుగా భోజనానికి వెళ్తుంటే చెత్త కనబడిందట. నడినెత్తిన ఎండ మాత్రం ఆయనకి కనబడలేదు. కారు అద్దాలు నల్లవి కదా.

పోయిన వేసవిలో ఒకరోజు పన్నెండున్నరకి బజారు మలుపులో అక్క తోపుడుబండి మీదికి ఒరిగి, అక్కణ్ణుంచి కిందకి జారిపోయింది. చెమట కూడా ఆగిపోయిందట. ఆసుపత్రిలో ఒంటినిండా తడిబట్టలు చుట్టి, చేతికి సెలైన్ ఎక్కించారు. "ఇంకో పావుగంట ఆలస్యమైతే నేను చేసేదేమీ ఉండేది కాదు" అంది డాక్టరమ్మ. మర్నాడు హాజరు పట్టీలో అక్క పేరుకి ఎదురుగా ఎర్ర సిరాతో రాసి ఉంది: 'మధ్యాహ్నం గైర్హాజరు'.

అది చూసి నేను గుమాస్తాతో తగాదా పెట్టుకోబోతే అక్కే ఆపింది. "రాసినవాడి తప్పేముందిరా? నేను అక్కడ లేను కదా. రోడ్డు మీద పడి ఉన్నాను."

ఆ తర్వాత ఆమె ఒక అర్జీ రాయించింది. తెల్లవారుజామున అయిదింటికి పని మొదలుపెట్టి పదిన్నరకి ముగిస్తాం, ఊళ్ళో మూడుచోట్ల నీడకి ఒక రేకు, తాగడానికి నీళ్ళు, వెళ్ళడానికి ఒక మరుగుదొడ్డి ఇప్పించండి అని. ఆ అర్జీ ఏడు బల్లలు తిరిగి, చివరికి ఈ ఏడాది బడ్జెట్ సమావేశంలో నలభై ఒకటో అంశంగా చేరింది.

ఈ ఏడాది బడ్జెట్‌కి ఒక ప్రత్యేకత ఉంది. 'వాతావరణ మార్పు – ప్రతిస్పందన' అని ఒక కొత్త పద్దు పెట్టారు. పైనుంచి నిధులు ఆ పేరుతోనే వస్తాయట మరి. పద్దు పుట్టిందో లేదో, చక్కెర డబ్బా మూత తీసినట్టు సభ్యులందరూ మూగారు. చల్లటి దేశానికి అయిదుగురు సభ్యుల అధ్యయన యాత్ర ఒకటి. ఊరంతా తిరిగి ఎండలు పెరిగాయని మైకులో చెప్పే ప్రచార వాహనం ఒకటి. మొదటి పేజీలో ఛైర్మన్ మొక్కకి నీళ్ళు పోస్తున్న ఫోటోతో నున్నటి కాగితం మీద రంగురంగుల పుస్తకం ఒకటి. అక్క అడిగిన మూడు రేకులూ నీళ్ళూ మరుగుదొడ్లూ అన్నీ కలిపినా ఆ పుస్తకం ఖర్చులో సగం కాదు.

సమావేశం రోజున అక్క మరో ముగ్గురితో వచ్చి సందర్శకుల బెంచీ మీద కూర్చుంది. నేను మైకులు చూసుకోవడానికి తలుపు దగ్గర నిలబడ్డాను. హాలు రెండో అంతస్తులో ఉంటుంది. కిటికీలు తెరుచుకోవు. నాలుగు ఏసీలు పెట్టినప్పుడు వాటికి మేకులు కొట్టేశారు.

ఛైర్మన్ ఉపన్యాసం మొదలుపెట్టాడు. "భూమి వేడెక్కుతోంది. మన పిల్లలకి మనం ఏం మిగులుస్తున్నాం?" అని గొంతు వణికించాడు. పక్కనున్న సభ్యుడు "ఔనండీ" అన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే అంటాడు. అందుకే ఊళ్ళో ఆయన్ని ఔనండీ గారనే పిలుస్తారు, అసలు పేరు ఓటర్లకే గుర్తులేదు.

సరిగ్గా పన్నెండు గంటల పదినిమిషాలకి ఏసీలు నాలుగూ ఒక్కసారిగా ఆగిపోయాయి. లైట్లు, మైకులు పనిచేస్తూనే ఉన్నాయి.

నేను మెట్లకింద ఉన్న పెద్ద బోర్డు దగ్గరికి పరిగెత్తాను. మూత తీయగానే కమురు వాసన. ఏసీలకి వెళ్ళే లావు వైరు కొస బిగింపు వదులై కాలిపోయింది. కాలినంత మేర కత్తిరించి, కొత్త తొడుగు వేసి, మర బిగిస్తే అయిపోయే పని. తొడుగు నా సంచీలోనే ఉంది. లెక్కకి పదినిమిషాలు.

నేను ఏసీల వైపు మెయిన్ మాత్రం ఆపి, టెస్టర్‌తో ఒకసారి చూసుకుని, బోర్లించి ఉన్న బకెట్టు మీద కూర్చున్నాను. సంచీ విప్పలేదు. కూర్చుందామని ముందుగా అనుకున్నది కాదు. ఎర్ర సిరా గుర్తొచ్చి కాళ్ళు లేవలేదు, అంతే. ఒళ్ళు మండితే అయినా వాళ్ళకి ఒకసారి తెలుస్తుంది కదా అనుకున్నాను. అప్పటికి నాకు యాభై ఏళ్ళు, ఇంకా ఆ మాత్రం అమాయకత్వం మిగిలి ఉంది.

ఇరవై నిమిషాలయ్యాక పైకి వెళ్ళాను. హాలు గుర్తుపట్టలేకుండా ఉంది. ఛైర్మన్ చొక్కా మూడు గుండీలు విప్పేశాడు. కమిషనర్ చెమటకి కాగితాలు చేతికి అంటుకుపోతున్నాయి. ఔనండీ గారు వాతావరణ పుస్తకంతో విసురుకుంటున్నాడు. అచ్చయినప్పటి నుంచి ఆ పుస్తకం ఎవరికైనా పనికిరావడం అదే మొదలు.

"ఏమయ్యా, ఎంతసేపు? ఇది మనుషులు ఉండే చోటేనా?" అన్నాడు ఛైర్మన్ నన్ను చూసి.

"చూడాలండీ. వైరు కాలింది."

"ప్రాణాలు పోతున్నాయయ్యా ఇక్కడ!"

వెనక బెంచీ మీదనుంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది. ఛైర్మన్ తల తిప్పాడు. "ఎవరు నవ్వింది?"

అక్క లేచి నిలబడింది. "నేనేనండీ. ఇంకా ఇరవై నిమిషాలే కదండీ అయింది. అదీ నీడపట్టున, కుర్చీల్లో. మాకు మూడు గంటలండీ. ఎలాగూ నలభై ఒకటో అంశం మాదే కదా, ఇప్పుడే తీసుకుంటే తమరికి బాగా అర్థమవుతుందండీ."

ఒక్క క్షణం నిజంగానే జరుగుతుందనుకున్నాను. ఛైర్మన్ చేతిరుమాలుతో మెడ తుడుచుకుని, ఆలోచించి, తల పంకించాడు కూడా.

"నిజమే. ఈ వేడి భరించరానిది. దీన్ని అత్యవసర అంశంగా తీసుకోవాలి" అన్నాడు. "ఈ పాత ఏసీలు తీసేసి కొత్తవి, పెద్దవి కొందాం. జనరేటర్ కూడా. ఏ పద్దులోంచి?"

లెక్కల అధికారి అప్పటికే పేజీ తిప్పి పెట్టుకున్నాడు. "వాతావరణ మార్పు కింద వేయొచ్చండీ. 'అధిక ఉష్ణోగ్రతల నుంచి రక్షణ' అని ఒక వాక్యం ఉంది."

"ఔనండీ" అన్నాడు ఔనండీ గారు.

రెండు నిమిషాల్లో తీర్మానం అయిపోయింది. ఒక్క చెయ్యి కూడా కిందకి లేదు. ఆ ఊపులో మిగతా అంశాలన్నీ గంపగుత్తగా ఆమోదించేశారు. నలభై ఒకటి దగ్గర మాత్రం కమిషనర్ ఆగి, "ఇది లోతుగా పరిశీలించాల్సిన విషయం, వచ్చే సంవత్సరానికి" అన్నాడు. ఇంటికి పోయే తొందరలో ఉన్నవాళ్ళకి లోతు ఎంతైనా ఒకటే.

నేను కిందకి దిగి వైరు కత్తిరించి, తొడుగు వేసి బిగించాను. ఎనిమిది నిమిషాలు పట్టింది. చల్లగాలి రాగానే ఛైర్మన్ నా భుజం తట్టి, "నువ్వు లేకపోతే ఈ సంఘం ఏమైపోయేదయ్యా" అన్నాడు. నా మొహం మీద నేనే ఉమ్ముకోవాలనిపించింది.

గేటు బయట అక్క నాకోసం ఆగింది.

"నువ్వు ఆపావట్రా?"

"లేదక్కా. అదే పోయింది. నేను తొందరపడలేదు, అంతే."

"వాళ్ళకి బుద్ధొస్తుందనుకున్నావా?" అంది. కోపం లేదు గొంతులో, అలసట ఉంది. "ఎండకి బుద్ధి వచ్చేదైతే, మేం నలభై ముగ్గురం ఈపాటికి మహా పండితులం అయిపోయేవాళ్ళం కదరా పిచ్చోడా."

మర్నాడు అయిదింటికల్లా నలభై ముగ్గురూ చీపుళ్ళూ బళ్ళూ పెట్టే షెడ్డు దగ్గర ఉన్నారు. ఆరింటికి గానీ తాళం తీయనన్నాడు కాపలావాడు. "నువ్వు తీయకు నాయనా, నీ ఉద్యోగం నీది" అని, ఇంటినుంచి తెచ్చుకున్న చీపుళ్ళతోనే మొదలుపెట్టారు. పదిన్నరకి చేతులు కడుక్కుని ఇళ్ళకి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం బజారులో చీపురు పట్టిన మనిషి ఒక్కరూ లేరు.

మెమోలు మొదలయ్యాయి. ప్రతిరోజూ అందరి పేర్లకీ ఎదురుగా ఎర్ర సిరా. మా బావ దర్జీ, మిషను ఎంత చప్పుడు చేస్తుందో మనిషి అంత భయస్తుడు. "ఏనుగుతో తలపడుతోందయ్యా మీ అక్క. కాస్త నువ్వైనా చెప్పు" అని నా దగ్గర వాపోయాడు. చెప్పాను.

"ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటాను. నేనే పోతే మీ బావ ఇంకోదాన్ని వెతుక్కోగలడా? ఆయనకంత ధైర్యమెక్కడిది?" అని నవ్వింది అక్క. బావ సూదిలో దారం ఎక్కిస్తూ తల వంచుకున్నాడు గానీ, ఆ రోజు నుంచి ఆమెకంటే ముందే లేచి టీ పెట్టడం మొదలుపెట్టాడు.

కాంట్రాక్టరు పదిహేనుమంది కొత్తవాళ్ళని మధ్యాహ్నప్పూట దింపాడు. మొదటిరోజు వాళ్ళు ఊడ్చారు. రెండోరోజు ఒంటిగంటకి చీపుళ్ళు బజారులోనే పారేసి వెళ్ళిపోయారు. వాటిని మర్నాడు తెల్లవారుజామున మా వాళ్ళే ఏరుకున్నారు. అటు బజారువాళ్ళూ, మధ్యాహ్నం ఎవరూ రారని తెలిసి, చెత్త బుట్టల్లో దాచి పొద్దున్నే ఇవ్వడం అలవాటు చేసుకున్నారు. వారం తిరిగేసరికి రోడ్లు ముందుకంటే శుభ్రంగా ఉన్నాయి. ఇది చూసి కూడా కమిషనర్ మెమోలు ఆపలేదు. ఆయనకి చెత్తతో ఎప్పుడూ పేచీ లేదు, ధిక్కారంతోనే.

పదకొండో రోజు పైనుంచి ఒక అధికారిణి తనిఖీకి వచ్చింది, వాతావరణ నిధులు ఏం చేశారో చూడటానికి. నేను కొత్త ఏసీలకి వైర్లు లాగుతూ నిచ్చెన మీద ఉన్నాను. ఛైర్మన్ పుస్తకం చూపించాడు. ఆమె పక్కన పెట్టేసింది. ప్రచార వాహనం ఫోటోలు చూపించాడు. "ఇవి సరేనండీ. ఎండలో పనిచేసే మనిషికి మీరు చేసిందేమిటి?" అని అడిగింది.

ఛైర్మన్ దిక్కులు చూశాడు. చూపు కిటికీ మీద పడింది. కింద పన్నెండున్నర ఎండలో బజారు వీధి ఖాళీగా, శుభ్రంగా ఉంది.

"అదిగో చూడండి మేడమ్" అన్నాడు, తడుముకోకుండా. "మా పారిశుద్ధ్య కార్మికుల్ని మేం మధ్యాహ్నం పనిచేయనివ్వం. మానవత్వం ముఖ్యం."

నేను నిచ్చెన మీంచి పడకుండా గోడ పట్టుకున్నాను. అత్తసొమ్ము అల్లుడు దానం చేయడం విన్నాను గానీ, ఆ దానానికి అత్తకే మెమో ఇచ్చినవాణ్ణి చూడటం అదే మొదటిసారి.

సాయంత్రానికల్లా తీర్మానం తయారైంది. తేదీ రెండు వారాల వెనకటిది. ఒంటిపూట పని శాశ్వతమైంది. నెల తిరక్కుండా సంఘానికి ఒక షీల్డు కూడా వచ్చింది, అద్దాల బీరువాలో పెట్టారు. ఆ బీరువాకి లోపల లైటు పెట్టింది నేనే. పదకొండు రోజుల ఎర్ర సిరా మాత్రం ఎవరూ చెరపలేదు. 'పాత తేదీల విషయం' అని గుమాస్తా అన్నాడు. నీడ రేకుల ఊసు ఇప్పటికీ లేదు.

మొన్న ఛైర్మన్ నన్ను పిలిచాడు. ఇంకో పెద్ద బహుమతికి దరఖాస్తు పెడుతున్నారట, మా అక్క చీపురు పట్టుకుని తన పక్కన నిలబడితే ఫోటో బాగుంటుందట. "ఇప్పుడే తీసుకురా, వెలుతురు బాగుంది" అన్నాడు.

వెళ్ళేసరికి ఒంటిగంట. బావ మిషను ఆపేసి, చేత్తో కుడుతున్నాడు. గదిలో గోడవారగా చాప మీద అక్క అటు తిరిగి పడుకుని ఉంది. ఫ్యాను గాలికి కొంగు కదులుతోంది.

"ఛైర్మన్ గారు రమ్మంటున్నారు బావా" అన్నాను.

బావ పెదాల మధ్య సూది తీయకుండానే నాకేసి ఉరిమి చూశాడు. ఆయన కళ్ళలో అంత కోపం నేనెప్పుడూ చూడలేదు.

"మెల్లగా మాట్లాడు" అన్నాడు. "పడుకుంది."