చెంప మీద మూడు గీతలు

అరబాకి పొద్దుట్నుంచీ కెంకీ, అదే పులిసిన మొక్కజొన్న పిండి ముద్ద, గొంతు దిగడం లేదు. వేయించిన చేప కంచంలో అలాగే చల్లారిపోయింది. తప్పెవరిదంటే ఆవిడదే. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే మరి.

అక్రా నుంచి సినిమావాళ్ళు తెచ్చిన కథ ఎలా ఉందనుకున్నారు? తెల్లవాళ్ళు పడవ దిగుతారు, వలలు విసురుతారు, మనుషుల్ని చేపల్లా పట్టుకుపోతారు. స్వతంత్రం వచ్చి పదిహేనేళ్ళయినా ఇవే కథలు. బడిలో చరిత్ర చెప్పే మనిషి కదా అని సలహాకి పిలిస్తే, ఆ కాగితాలు చదివి అరబా మండిపడింది.

"ఏం వలలండీ బాబూ? తెల్లవాడు సముద్రపొడ్డు ఇసక దాటి ఎక్కడికి పోయాడు? పోతే జ్వరమొచ్చి చచ్చేవాడు! ఎక్కడో ఉత్తరాన పట్టుకున్నవాళ్ళని చేతులు మార్చి మార్చి ఇక్కడికి తెచ్చి అమ్మింది మనవాళ్ళే. ఇదిగో, ఇలాంటి లోగిళ్ళలోనే సారా పోసి బేరాలాడారు. తీస్తే నిజం తియ్యండి, లేదా మానెయ్యండి."

దర్శకుడు లాంప్టీ పొంగిపోయి కథంతా మార్చేశాడు. లోగిలి ఎక్కడ దొరుకుతుందన్నాడు. అరబా వాళ్ళ మేనమామ ఎజిర్ లోగిలే అద్దెకి తీసుకున్నాడు. పాపం, ఎజిర్ మామ వలల సినిమా అనుకునే ఒప్పుకున్నాడు.

అక్కడితో ఆగిందా ఈ మహాతల్లి? ఉత్తరాది బందీలని నున్నటి చెంపలతో నిలబెడితే ఊరుకోనంది. వాళ్ళ జాతి గాట్లు ఉండి తీరాలని పట్టుబట్టి, పాత బొమ్మలు వెతికి, ముక్కు పక్కనుంచి చెవి వైపుకి మూడు గీతలు తనే గీసిచ్చింది. నిన్న సాయంత్రం మేకప్ మనిషి ఆ గీతలు బందీ వేషం వేసే పిల్లకి వేసింది. ఆ పిల్ల ఊరికే ఉండక, వచ్చి అరుగు మీద అరబా అమ్మమ్మ పక్కన కూర్చుంది. ఇద్దరి చెంపలూ ఒకేలా ఉన్నాయి.

అమ్మమ్మ గీతల కథ ఇంట్లో అందరికీ తెలిసిందే. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, ఆ తర్వాతి బిడ్డకి బానిస పేరు పెట్టి చెంప మీద గాటు పెడతారు. చావు వచ్చి చూసి, ఛీ, ఇది కొనుక్కొచ్చిన పిల్ల, దీన్నేం తీసుకుపోతాం అని వెనక్కి పోతుందని. అమ్మమ్మ ఈ ఇంట్లోనే పుట్టి అలా నిలిచిన బిడ్డేనని చెప్పేవాళ్ళు. కానీ అలా నిలవడానికి పెట్టే గాటు చిన్నది, ఒక్కటే. అలాంటివాళ్ళు వీధి వీధికీ ఉన్నారు. ఇంత పొడుగున మూడేసి గీతలు ఎవరికున్నాయి? ఇన్నేళ్ళూ ఆవిడ ఒళ్ళో పడుకుని చూసిన మొహాన్ని నిన్నే మొదటిసారి చూసినట్టనిపించింది అరబాకి.

తెల్లారగానే ఎజిర్ మామ పెరట్లోకి పిలిచాడు.

"ఎవత్తె గీయమందే నిన్ను ఆ గీతలు?"

"మామా, అయితే అమ్మమ్మని నిజంగానే..."

"నోర్ముయ్! ఒకరి పుట్టుక ఇంకొకరు తవ్వకూడదు. అడగనూ కూడదు. పెద్దల ఆన అది. నీ చదువు తగలెయ్య, మా అమ్మ గుట్టు సినిమా తెర మీద ఆరబెడతావా?" ఆయన గొంతు తగ్గించాడు. "అక్యేరె చెవిన పడిందా, మనం అయిపోయామే."

అది ఉత్త బెదిరింపు కాదు. వాళ్ళలో ఇల్లూ పెద్దరికం తల్లి వైపునుంచే వస్తాయి. అమ్మమ్మ కొనుక్కొచ్చిన మనిషని తేలితే, ఆవిడ కొడుకు ఎజిర్ ఇంటి పెద్ద కాడు. ఆ ఇంట్లో అరబాకి గది ఉండదు. ఎనభై దాటిన అమ్మమ్మకి ఆ ఇంటివాళ్ళ శ్మశానంలో చోటు కూడా దక్కదు. పక్క లోగిలి అక్యేరె ఎజిర్‌కి వరసకి చెల్లెలు. తన కొడుకుని ఇంటి పెద్దని చేసుకోవాలని, ఈ ఒక్క మాట కోసమే ఏళ్ళ తరబడి చెవులు రిక్కించుకుని ఉంది. ఇవాళ షూటింగ్ చూసే నెపంతో పీట తెచ్చుకుని మరీ ముందు వరసలో కూర్చుంది.

పైగా లాంప్టీ చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "టీచరుగారూ, మీ అమ్మమ్మగారి మొహం చూశారా! ఆవిణ్ణి ఈ పిల్ల పక్కన నిలబెట్టి ఇద్దరి చెంపలూ దగ్గరగా తీస్తాను. అచ్చం మీరు గీసినట్టే ఉన్నాయి."

అక్యేరె వైపు చూడకుండా ఉండడానికి అరబా తల తిప్పుకుంది.

"ఆ గీతలు తప్పండీ. చెరిపించెయ్యండి."

"మీరు గీసినవేగా?"

"నేనే తప్పు గీశాను."

"నున్నటి చెంపలైతే ఊరుకోనన్నారు మొన్న!"

"ఇవాళ ఊరుకుంటాను."

"సంకెళ్ళకి తుప్పు ఎక్కువైందని నన్ను నిలబెట్టి కడిగేసిన మనిషి మీరేనా? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగాలేదు. మా అమ్మమ్మకీ బాగాలేదు, ఆ దీపాల వేడి ఆవిడకి పడదు. ఆవిణ్ణి తియ్యడానికి వీల్లేదు."

అన్నీ అబద్ధాలే. పిల్లలు ఒక్క తారీఖు తప్పు చెబితే బెంచీ ఎక్కించే నోటితో ఇన్ని అబద్ధాలాడినందుకు ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది. అయినా ఆడింది. లాంప్టీ పెదవి విరిచి, "మీ ఇష్టం, మీ చరిత్ర" అని మేకప్ మనిషిని పిలిచాడు. తడిగుడ్డతో తుడిచేశారు. అరుగు మీద ఎజిర్ మామ పట్టిన ఊపిరి వదిలాడు.

దీపాలు వెలిగాయి. లోగిలి మధ్యలో బందీలని కూర్చోబెట్టారు. లాంప్టీ చెయ్యెత్తాడో లేదో, అరుగు మీంచి కర్ర టకటకలాడింది. అమ్మమ్మ దిగి వస్తోంది. అరబా పరుగెత్తింది గానీ, ఈలోగానే ఆవిడ ఆ పిల్ల ముందు వంగి, చెంప తడిమింది.

"గీతలేవే? నిన్న ఉన్నాయిగా?"

"చెరిపేశారు అమ్మమ్మా" అంది పిల్ల.

"ఎవరా పని చేసింది?"

"అమ్మమ్మా, లోపలికి పోదాం పద" అంటూ అరబా చెయ్యి పట్టుకుంది. ముసలావిడ విదిలించుకుంది.

"వాళ్ళమ్మ వెతుక్కుంటూ వస్తే ఎలా పోల్చుకుంటుందే? ఆ? బుద్ధుందా మీకు? నేనైతే దారంతా ఎవర్నీ మొహం కడగనివ్వలేదు, పోతాయేమోనని. కొడితే కొట్టారు, కడగనివ్వలేదు. అవి చెరగవని నాకేం తెలుసు, చిన్నదాన్ని."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా? ఇన్నేళ్ళూ ఇల్లంతా కలిసి మూసిన మాట, ఎవరూ తవ్వకుండానే, ఆవిడ నోటి వెంటే వచ్చేసింది.

అక్యేరె లేచింది. పీట చంకన పెట్టుకుని గుమ్మం వైపు నడిచింది.

"మామా, అక్యేరె పోతోంది" అంది అరబా. "ఆపు మామా!"

"పోనీ."

ఎజిర్ మామ అరుగు దిగాడు. అరవై ఏళ్ళ మనిషి, ఇంటి పెద్ద, అంతమంది ఎదుట మట్టిలో తల్లి కాళ్ళ దగ్గర చతికిలబడ్డాడు. ఎవరూ ఎవరినీ అడగకూడదని పొద్దున మేనకోడల్ని తిట్టిన నోటితోనే అడిగాడు.

"మీ అమ్మ పేరేంటమ్మా?"

ముసలావిడ కర్ర మీద గడ్డం ఆనించింది.

"పేరా? అమ్మా అనేదాన్నిరా. పేరు తెలిసేంత వరకు ఉండనివ్వలేదు నన్ను."