టోపీ లేని మోటారు

మా పాత పడవ మోటార్ల సంఘంలో మోటారు తిరగడం కన్నా మెరవడం ముఖ్యం. ఏటా వేసవిలో టామరాక్ సరస్సు ఒడ్డున కలుస్తాం. మోటార్లను చెక్క స్టాండ్లకు తగిలించి, పైనున్న రేకు టోపీలు ఊడదీసి, లోపలి నిగనిగలు అందరికీ కనబడేలా పెట్టి, పక్కన మడత కుర్చీలో బీరు తాగుతూ కూర్చుంటాం. ఇంట్లో ఎవరూ మాట వినిపించుకోని మగవాళ్లందరూ ఇక్కడ నిపుణులు. నేనూ నిపుణుణ్ణే. నిపుణుడంటే నిప్పు రాజేసి పక్కకు తప్పుకునేవాడు.

మా మెరుపువీరుల్లో మొదటివాడు వెండెల్. పేరులోనే వెండి పెట్టుకుని పుట్టాడు. ఊళ్లో వాళ్ల పళ్లు తోమి తోమి రిటైరైన డెంటిస్టు. పళ్లు అయిపోయాయి కనుక ఇప్పుడు మామగారి మోటారు తోముతున్నాడు. ఆ మామగారు, పోయిన అర్విడ్, బతికున్నన్నాళ్లూ దాన్ని తోమలేదు, తోలాడు.

మా మోటార్లన్నీ సరస్సు నీళ్లు పీల్చుకుని చల్లబడే రకం. అర్విడ్‌ది గాలితో చల్లబడే రకం. పైన తిరిగే చక్రానికి రెక్కలుంటాయి, అవి విసిరే గాలే సిలిండరుకు చలవ. అల్లుడి చేతికొచ్చాక దానికి చలవ కరువై జ్వరం పట్టుకుంది. బయల్దేరిన కాసేపటికే వేడెక్కి, మూలిగి, నడి సరస్సులో ఆగిపోతుంది. రెండు వేసవులుగా ఇదే వరస.

ఈసారి వెండెల్ భార్య మార్లిస్ అందరి ముందూ తేల్చి చెప్పింది.

“వేడికి పిస్టన్ ఒక్కసారి పట్టేసిందంటే దీనికి సామాన్లు ఎక్కడా దొరకవు. నాన్న మోటారును చంపనివ్వను. మధ్యాహ్నం అవతలి ఒడ్డుకు చేర్చావా, నీ దగ్గరే ఉంటుంది. మధ్యలో ఆగిందా, రోలీ పట్టుకుపోతాడు.”

రోలీ ఆమె తమ్ముడు. సాసేజ్ నములుతూ అన్నాడు: “ట్రక్కు వెనకాల చోటు ఖాళీ చేసుకునే వచ్చాను బావా.”

“నీ ట్రక్కులో చేపల కంపు. నా మోటారు అందులో ఎక్కదు,” అన్నాడు వెండెల్.

“మోటారుకు ఆ కంపు అలవాటే బావా. నీ పాలిష్ కంపుకే దానికి కళ్లు తిరుగుతున్నాయి.”

పొద్దున పరీక్షకు తిప్పితే మళ్లీ ఆగింది. వెంటనే వైద్యమండలి చేరింది. వైద్యులు ఎక్కువైన రోగి గతి మీకు తెలిసిందే. మాజీ పోస్టుమాస్టర్ టోర్వాల్డ్ మోటారు వెనక వంగి చూసి, “నీళ్ల ధార బయటికి రావట్లేదేం? అదే జబ్బు,” అన్నాడు.

“ఇది గాలి మోటారు. నీళ్లెక్కడివి?” అన్నాను.

“అదే అంటున్నా. లేవు కనకే వేడెక్కింది.”

అతనితో వాదిస్తే నాకే కంట ధార కారేలా ఉందని ఊరుకున్నాను. ఇంకొకడు పెట్రోల్లో నూనె తక్కువైందన్నాడు. నూనె పెంచారు. మోటారు పొగ పెంచింది. ఇంకొకడు స్పార్క్ ప్లగ్ మార్చాడు. నేను కార్బ్యురేటర్ విప్పి, ఊది, ఒక మర ఎక్కువొచ్చేలా బిగించాను. గాలి మోటారు చుట్టూ చేరి అందరం గాలి కబుర్లే చెప్పాం, అసలు గాలి సంగతి ఒక్కడూ అడగలేదు.

ఇంకోసారి ఒడ్డు వెంటే తిప్పి చూద్దామన్నారు. ఈసారి మార్లిస్ కూడా పడవెక్కి ముందు కూర్చుంది. మధ్యలో నేను, తెడ్లతో సిద్ధంగా. ఆకు కదలని ఉక్కపోత. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. వెనక మోటారు పక్కన వెండెల్ మాత్రం జుట్టు ఎగురుతుంటే హాయిగా కళ్లు మూసుకున్నాడు.

“ఈ చోటే వేరు. ఏ ఎండలోనైనా ఇక్కడ చల్లగాలి కొడుతుంది,” అన్నాడు.

మార్లిస్ వెనక్కి తిరిగి భర్త జుట్టు వైపు కాసేపు చూసింది.

“నాన్న అక్కడ కూర్చుంటే చెమటలు కారిపోయేవి. మెడ తుడుచుకోవడానికి సీటు కింద తువ్వాలు పెట్టుకునేవాడు. ఆయనకు తగలని గాలి నీకెక్కడిది?”

“అదృష్టం.”

“నీ అదృష్టం నాకు తెలుసు. దాని టోపీ ఏది?”

వెండెల్ కళ్లు తెరిచాడు. “కారులో ఉంది. సొట్టలు, గీతలు. అది పెడితే ఇంత మెరుపూ కప్పబడిపోతుంది. అయినా సంఘంలో అందరూ తీసేసే తిప్పుతారు కదా.”

“అందరివీ నీళ్లతో చల్లబడేవి. దీనికి టోపీ సింగారం కాదు. చక్రం విసిరే గాలిని సిలిండరు మీదికి దించేది అదే.”

నేను తెడ్డు పక్కన పెట్టాను. రెండు వేసవులుగా ఆ మోటారు తన చలవంతా యజమాని ముఖాన విసిరి, తాను మాడి చచ్చింది. జనానికి టోపీ పెట్టి ముంచేవాళ్లను చూశాను. టోపీ తీసి ముంచినవాణ్ణి అప్పుడే చూశాను.

కారు వెనక పాత దుప్పట్ల కిందినుంచి టోపీ బయటికొచ్చింది. వెలిసిపోయిన ఆకుపచ్చ రంగు. పెద్ద చేప పడినప్పుడల్లా అర్విడ్ కత్తిమొనతో దాని మీద ఒక చిన్న చేపను గీసేవాడట. ఒక్కదానికీ తోక సరిగ్గా లేదు. మార్లిస్ తనే బిగించింది. వెండెల్ మాత్రం బంగారు పన్ను మీద సిమెంటు పూస్తున్నంత బాధగా చూశాడు.

మధ్యాహ్నం వెండెల్, మార్లిస్ పడవలో బయల్దేరారు. రోలీ ట్రక్కులో రోడ్డు చుట్టూ తిరిగి వెళ్లి అవతలి ఒడ్డున నిలబడ్డాడు. నేను నా పడవలో వెంట వెళ్లాను. అర్విడ్ మోటారు ఎప్పుడూ ఆగే చోటు దాటింది. వెండెల్ మెడ వెంట చెమట ధారకట్టింది. టోర్వాల్డ్ వెతికిన ధార అదే కాబోలు. మోటారు గొణుగుతూ, ఎక్కడా తడబడకుండా, ఇద్దరినీ ఒడ్డెక్కించింది.

“గెలిచావు బావా,” అన్నాడు రోలీ. ఖాళీ చేసుకొచ్చిన ట్రక్కు తలుపు మూసేశాడు.

వెండెల్ జేబులోంచి గుడ్డ తీశాడు. టోపీని వేలితో తడిమాడు. “టోపీ ఉండాల్సిందే, సరే. అయితే దీన్ని ఇలా ఎందుకు ఉంచాలి? ఈ గీతలన్నీ పోయేదాకా రుద్దేసి క్రోమ్ పూత వేయిస్తే అద్దంలా ఉంటుంది. వచ్చే ఏడు సంఘం ఇచ్చే బహుమతి మనదే.”

మార్లిస్ చెయ్యి ఆ చేపల మీద ఉంది. తీయలేదు.

“రోలీ, ట్రక్కు ఇటు వెనక్కి తీసుకురా.”

“అక్కా, గెలిచాడు కదా.”

“గెలిచింది నాన్న టోపీ. ఆగకపోతే ఇస్తానన్నాను. మోటారు ఆగలేదు, నిజమే. కానీ ఈయన రుద్దుడూ ఆగట్లేదు.”

వెండెల్ గుడ్డతో మోటారును ఇంకొక్కసారి తుడవబోయాడు. అక్కాతమ్ముళ్లు ఇద్దరూ మోటారును మోసుకెళ్లి ట్రక్కులో దుప్పటి మీద పడుకోబెట్టారు.

తిరుగు ప్రయాణంలో వెండెల్ నా పడవలో కూర్చున్నాడు. గుడ్డ ఇంకా చేతిలోనే ఉంది. నా మోటారు వైపు ఆశగా చూశాడు.

నేను తలమీది టోపీ తీసి దాని మీద కప్పాను.