అన్‌ఫిట్ అర్జీ

వీరేందర్ స్టీలు గరిటె బోర్లించి కాగితం వీపు మీద రుద్దుతున్నాడు. అచ్చు యంత్రం లేనివాడికి గరిటే యంత్రం. అడుగున రబ్బరులాంటి లినోలియం ముక్క మీద చెక్కిన ఇల్లు, దానికి పూసిన నల్లరంగు, ఆ పైన కాగితం. ఎడమచేత్తో అదిమిపట్టి, కుడిచేత్తో నడుమ నుంచి అంచులకు రుద్దాలి. ఆరు నెలలుగా ఆ కుడిచెయ్యి వణుకుతోంది. నిన్న ఉలి జారి, కిటికీ లేని గోడకు కిటికీ పడింది. లినోలియంలో చెక్కేసింది మళ్లీ పూడదు. పోనీ, గాలొస్తుందిలే అనుకున్నాడు.

వంటింట్లో అతని భార్య జమున ఆ గరిటె కోసమే వెతుకుతోంది.

వీరేందర్ హైదరాబాదులో ఆర్కిటెక్చరు చదివిన మనిషి. ముప్పై మూడేళ్లుగా గోదావరిఖనిలో, బొగ్గు కంపెనీ సివిల్ డిపార్టుమెంటులో పని. తనంతట తాను ఊహించి గీసి కట్టించింది ఒక్కటే, శ్రీరాంపూర్‌లో సైకిల్ స్టాండు. అది పూర్తయ్యేసరికి జనమంతా మోటారు సైకిళ్లు కొనుక్కున్నారు. మిగతాదంతా ఎవరో ఎప్పుడో గీసిన రెండు గదుల క్వార్టరుకు మరమ్మతే. పైకప్పు కారితే ఒక నక్షా, గోడ కూలితే ఒక నక్షా. కట్టలేకపోయిన ఇళ్లను పొద్దున్నే లేచి చెక్కి, అచ్చు వేసుకుంటాడు. మంచం కింద నాలుగు వందల ఇళ్లున్నాయి. ఒక్కదాంట్లోనూ ఎవరూ కాపురం పెట్టలేదు.

బయటి ఊళ్లలో అన్‌ఫిట్ అంటే తిట్టు. ఈ గనుల ఊళ్లో శుభవార్త. ఇక పని చేయలేడని మెడికల్ బోర్డు తేల్చి ఆ మాట రాస్తే, నౌకరి పిల్లలకు వస్తుంది. అన్‌ఫిట్ అయినవాడి ఇంట్లో లడ్డూలు పంచుతారు, కానివాడిని ఓదారుస్తారు. వీరేందర్ తండ్రి సదయ్య గనిలో నడుము దెబ్బతిని అన్‌ఫిట్ అయినప్పుడూ పంచారు. అప్పటికి వీరేందర్ చదువు ముగించి, హైదరాబాదులో ఒక పెద్ద ఆర్కిటెక్టు దగ్గర చేరి పదకొండు రోజులు. తండ్రి నౌకరి కొన్నాళ్లు చేసి తిరిగొద్దామనుకుని ఊరికి బస్సెక్కాడు. ఆ కొన్నాళ్లు ఇంకా అయిపోలేదు.

ఇప్పుడు ఆ మాట అతని వంతుకొచ్చింది. ఏడింటికల్లా జమున తమ్ముడు భూపాల్ అర్జీ నింపుకొని వచ్చాడు. గని ఆఫీసులో క్లర్కు, అక్షరం తప్పు పోనివ్వడు. వారసుల గడిలో వీరేందర్ కూతురు సహస్ర పేరు అప్పుడే రాసేశాడు. ఆ పిల్ల హైదరాబాదులో బొమ్మలు చెక్కి అచ్చువేసే చదువే చదువుతోంది, మూడో ఏడు. అర్జీకి ఈ రోజే ఆఖరు.

"ఒక్క సంతకం బెట్టు బావా. నీ చెయ్యి జూస్తే బోర్డోళ్లు ఇంకేం అడుగరు."

వీరేందర్ పిల్ల చదువు మాటెత్తాడు. జమున వచ్చి గరిటె లాక్కుంది.

"నీ చదువుతోని బతికినమా? నౌకరితోని బతికినం," అంది.

నిజమే. అబద్ధమైతే కోపమైనా వచ్చేది. అర్జీ మడిచి జేబులో పెట్టుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఆ పూట పని నస్పూర్ కాలనీలో కుంగిన మెట్లు. పదకొండింటిదాకా వాటి నక్షా గీసి, బయటికొచ్చి సహస్రకు ఫోన్ చేశాడు. తిన్నావా అని అడిగాడు. హాస్టల్ నీళ్ల గురించి అడిగాడు. అసలు సంగతి తల్లి ముందే చెప్పినట్టుంది, పిల్లే అందుకుంది.

"నువ్వు రమ్మంటె వస్త బాపు."

గొంతులో అలక లేదు, ఏడుపు లేదు. సదయ్యతో తానూ ఇదే మాట అన్నాడు, ఇంతే తేలిగ్గా.

"రాకు," అన్నాడు. "ఎవరు రమ్మన్నా రాకు. అమ్మకు నేను జెప్పుకుంట."

మధ్యాహ్నం వీరేందర్ భూపాల్ పనిచేసే గని ఆఫీసుకు వెళ్లి, అర్జీ బల్ల మీద పరిచి, జబ్బు వివరాలకు వదిలిన ఖాళీలో 'నేను ఆరోగ్యంగా ఉన్నాను' అని రాశాడు. అక్షరాలు వరస తప్పి వంకర్లు పోయాయి. భూపాల్ ఆ అక్షరాలను చూశాడు, బావను చూశాడు.

"రిటైరయ్యేదాక ఇంక మూడేండ్లు ఎట్ల జేస్తవు?"

"చేస్త."

తిరిగొస్తుంటే నిజంగా సంతోషమేసింది. ఇరుక్కుంటే తనొక్కడే ఇరుక్కున్నాడు, మూడేళ్లూ ఎలాగోలా గడుస్తాయి. తన డ్రాయింగు సెక్షన్లో కూర్చుని, మెట్ల నక్షాకు కొలతలు వేయడం మొదలుపెట్టాడు.

మూడింటికి అటెండరు రాయమల్లు టీ తెచ్చేసరికి, వీరేందర్ తల బల్ల మీద ఆనించి ఉన్నాడు. కునుకు తీస్తున్నాడనుకుని గ్లాసు పక్కన పెట్టి వెళ్లాడు. మళ్లీ వచ్చేసరికి టీ మీద మీగడ కట్టింది. భుజం తట్టి చూసి, నలుగురినీ కేకేశాడు. గుండె ఆగిందని దవాఖానలో చెప్పారు.

మర్నాడు క్వార్టరు ముందు జనం. సహస్ర తండ్రి కాళ్ల దగ్గర నిలబడి ఉంది. పక్కింటి గట్టయ్య, రిటైరైన కార్మికుడు, ఆమె తలమీద చెయ్యి వేశాడు. మంచి మనసుతోనే, ఇక్కడ అందరూ ఓదార్పుకు చెప్పే మాటే చెప్పాడు.

"డ్యూటీల పోయిండు బిడ్డా. ఇగ ఏ బోర్డు అక్కెర లేదు. నౌకరి నీకే వస్తది, ఫికర్ జెయ్యకు."

రాకు అని బాపు అన్న మాట సహస్ర తల్లికి చెప్పలేకపోయింది. జమున కూతురి చెయ్యి పట్టుకుని వదలకుండా కూర్చుంది. మూడో నెలలో భూపాల్ నౌకరి కాగితాలు తెచ్చాడు. అతను చూపించిన చోటల్లా సహస్ర సంతకం పెట్టింది.

హైదరాబాదులో, కాలేజీ ప్రింటు గదిలో, ఆమె బల్ల మీద సగం చెక్కిన అచ్చు చెక్క ఒకటి ఉండిపోయింది. దాని మూలన, అచ్చులో సరిగ్గా పడేలా అద్దంలోలా తిరగేసి చెక్కుతున్న ఆమె పేరు 'సహ' దగ్గర ఆగిపోయి ఉంది.