గౌరీబాయి బొంత

బొగ్గులు రాజుకోవడం లేదు. ఇస్త్రీపెట్టె మూత ఎత్తి పట్టుకుని కొండల్ విసురుతూనే ఉన్నాడు. నాలుగు రోజుల ముసురుకు బొగ్గు సంచి అడుగు దాకా చెమ్మ పట్టింది. మిర్యాలగూడ బస్టాండు వెనక, రైసుమిల్లు గోడకు రేకులు దించి కట్టుకున్న ఆ నీడన అతను ముప్పై ఐదేళ్లుగా నిలబడే బతికాడు. పెట్టె బరువుకు కుడి భుజం ఎడమదానికన్నా కిందికి జారింది. పిడి పట్టే చోట అరచెయ్యి కాయలు కాసి, గోరుతో గిచ్చినా తెలియదు. భార్య పోయాక ఇంట్లో కన్నా ఈ బల్ల దగ్గరే ఎక్కువసేపు ఉంటున్నాడు.

వారం నుంచి పొద్దున్నే ఎడమ చెయ్యి తిమ్మిరెక్కుతోంది. ఎదురుగా మందుల షాపు నడిపే యేసయ్య దవాఖానకు పొమ్మని రెండుసార్లు చెప్పాడు. "పోత తీ, ముసురు ఇడవనీ," అన్నాడు కొండల్.

ఎనిమిదింటికి గౌరీబాయి వచ్చింది. దామరచర్ల అవతల తండా ఆమెది. చంకలో చుట్టిన బొంతను బల్ల మీద పెట్టింది.

"నా బిడ్డ సాలి దవాఖానల కన్నది అన్నా. ఆడపిల్ల. సాయంత్రం ఇంటికి పంపిస్తరట. ఇది ఉతికి మూడొద్దులాయె, ఆరుతలేదు. పచ్చి పిల్లకు తడి బొంత ఎట్ల కప్పుదు? జర నీ పెట్టెతోని ఆరబెట్టియ్యి."

లోపల పాత చీరల పొరలు, పైన సాలి చిన్ననాటి లంగాల ముక్కలు, ఆ ముక్కల నట్టనడుమ జానెడు తెల్లగుడ్డ. వడ్లగింజంత కుట్లు, ఒక్క వరుస వంకర పోలేదు. కొండల్ వేలితో తడిమి చూశాడు.

"ఎన్నొద్దులు కుట్టినవ్ చెల్లె?"

"సాలికి ఏడో నెల పడ్డ కాన్నుంచి. కైకిలి పనికి పోయొచ్చి, కూసున్నప్పుడల్ల."

ఆమె దవాఖానకు వెళ్లిపోయింది. కొండల్ బొంత మీద పొడిగుడ్డ పరిచి, అంచుల నుంచి నొక్కుకుంటూ వచ్చాడు. ఆవిరి లేచింది. తెల్లగుడ్డ దగ్గర పైగుడ్డ జరిపి మడత సర్దబోయేసరికి, రొమ్ములో ఎవరో తడిబట్ట మెలిపెట్టి పిండినట్టయింది. బల్ల అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. కమురువాసన తగిలాక గానీ పెట్టె బొంత మీదే ఉందని తెలియలేదు.

ఎత్తి చూస్తే, తెల్లగుడ్డ మీద పెట్టె మొనంత గోధుమరంగు మచ్చ.

ఇలాంటి మచ్చ ఇంతకుముందు ఒక్కసారే పెట్టాడు. అప్పటికి ఇరవై రెండేళ్లు, సూర్యాపేటలో పని. ఒక పంతులుగారి పెళ్లి కండువా కాలింది. కాలిన చోటు లోపలికి మడిచి, మిగతా బట్టల అడుగున పెట్టి, చెప్పకుండా బస్సెక్కి వచ్చేశాడు. ఆ పెళ్లిలో ఆ మడత విప్పింది ఎవరో, విప్పినప్పుడు ఏమైందో అతనికి తెలియదు. సొంత మరదలి పెళ్లి సూర్యాపేటలో జరిగినా వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో భార్యకు కూడా చెప్పలేదు.

యేసయ్య రోడ్డు దాటి వచ్చాడు. "మామా, మొఖమంత చెమటలే. నడువు దవాఖానకు."

"ఈ బొంత పని గానీ. మీ ఇంట్ల నిమ్మకాయ ఉంటదా?"

"షాపుల నురగ మందున్నది, పుండ్లు కడిగేది. మచ్చ గుంజుతది."

"పచ్చి పిల్ల ఒంటికి తగిలేది. మందులొద్దు."

యేసయ్య నిమ్మకాయ తెచ్చిచ్చాడు. ఐదింటికి షాపు మూసి తానే తీసుకుపోతానని, అప్పుడు కాదంటే ఊరుకోనని చెప్పి వెళ్లాడు.

కొండల్ మాడిన నూగును గోటితో మెల్లగా దువ్వాడు. గట్టిగా రుద్దితే పోగు తెగుతుంది. నిమ్మరసంలో నీళ్లు కలిపి, పక్కనున్న లంగాముక్కల ఎర్రరంగు తడవకుండా గుడ్డముక్కతో అద్దాడు. మధ్యాహ్నం మబ్బు విచ్చి, గోడ పక్కన చాపంత ఎండ పడింది. బొంత అక్కడ పరిచి, ఎండ జరిగినప్పుడల్లా బొంతను జరిపాడు. ఆరితే మళ్లీ అద్దాడు. అన్నం తినలేదు. గోధుమరంగు పలచబడి టీ మరకంత అయింది. ఆపైన కదల్లేదు. పులుపు పిల్లకు పడదని ఆ చోటు మూడుసార్లు నీళ్లతో కడిగాడు. ఎండ పోయింది. తడి ఆరబెట్టడానికి మళ్లీ పెట్టె పట్టక తప్పలేదు. ఈసారి రెండు చేతులతో పట్టుకుని, శ్వాస లెక్కపెడుతూ దింపాడు, ఎత్తాడు.

నాలుగింటికి గౌరీబాయి వచ్చింది. మడిచి ఇస్తే ఆమె చూసేది కాదు. కొండల్ బొంతను బల్ల నిండా విప్పి, మచ్చ మీద వేలు పెట్టాడు.

"చెల్లె, నీ బొంత కాల్చిన. పొద్దంత కడిగిన. ఇంతకన్న పోలే."

గౌరీబాయి వంగి చూసింది. బొటనవేలితో రాసింది. వాసన చూసింది. కొండల్ తలదించుకోలేదు, ఆమె ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు.

"బొక్క పడలే గదా," అంది చివరికి.

"పడలే."

"రేపట్నుంచి పిల్ల దీని మీదనే ఒంటికి పోస్తది. ఇగ నీ మచ్చేది, దాని మచ్చేది? ఎవరు పోల్చుకుంటరు?"

కొండల్‌కు నవ్వొచ్చింది. ముప్పై ఐదేళ్ల కింద ఆ పంతులుగారి ముందు కండువా ఇలాగే విప్పి చూపి ఉంటే ఆయన ఏమనేవాడో అనిపించింది. కూలి వద్దన్నాడు. ఆమె బలవంతం చేయలేదు. కొంగులోంచి మక్కకంకి తీసి, పొరలు ఒలిచి, పెట్టెలో మిగిలిన నిప్పుల మీద తానే కాల్చి అతని చేతిలో పెట్టింది.

"పొద్దట్నుంచి ఏం తిననట్టున్నవ్. తిను," అని బొంత చంకన పెట్టుకుని దవాఖాన వైపు నడిచింది. అరగంటకు దామరచర్ల బస్సు మిల్లు మూల తిరిగింది. కిటికీలో తెల్లగుడ్డ వైపు లోపలికి తిప్పి పిల్లకు చుట్టిన బొంత, దాని మీద గౌరీబాయి చెయ్యి కనిపించాయి. కొండల్ బస్సు పోయేదాకా చూసి, స్టూలు మీద కూర్చుని గోడకు ఆనుకున్నాడు.

ఐదింటికి యేసయ్య షాపుకు తాళం వేసి రిక్షా పిలుచుకుని వచ్చాడు. "నడువు మామా," అన్నాడు. భుజం మీద చెయ్యి వేసి కదిపాడు. కొండల్ కళ్లు తెరవలేదు. ఆ తరవాత రిక్షా అతన్ని ఆగమని సైగ చేసి, కొండల్ నుదుటి మీది చెమట తన రుమాలుతో తుడిచాడు. నుదురు అప్పటికే చల్లబడింది.

బల్ల మీద మక్కకంకి ఉంది. ఒక్క గింజ చితకకుండా రెండు వరుసలు ఒలిచి ఉన్నాయి. మూడో వరుస సగం దాకా.