కోళ్ళు ముట్టని పిండిముద్దలు

ఆ ఏరు మోకాటి లోతు కూడా లేదు. అయినా సైన్యంతో దాన్ని దాటిన సేనాని రోముకు శత్రువని చట్టం. దాటామా, అవతలి నుంచి మన రోము సైన్యమే మన మీదికి వస్తుంది. అందులో మా మేనల్లుడు మామెర్కస్ ఉన్నాడు.

పొద్దెక్కేసరికి దండంతా ఒడ్డున నిలబడింది. మా బావ నుమేరియస్, అంటే మామెర్కస్ తండ్రి, దేవతల కోళ్ళను సాకుతాడు. అవి పిండిముద్దల మీద ఎగబడితే దేవతలు సరేనన్నట్టు. ముట్టకపోతే సైన్యం అడుగు వేయకూడదు. అందుకే ముందురోజు వాటిని పస్తు పెడతారని అందరికీ తెలుసు. తెలిసీ నమ్ముతాం, అదీ మా తెలివి!

ఈసారి మాత్రం బావ తెల్లారకముందే వాటిని కడుపు పగిలేలా మేపాడు. నేను చూశాను.

"బావా, తెలిస్తే నీ తోలు ఒలుస్తారు."

"ఒలవనీరా. నా కొడుకు మీదికి ఈ మందను తోలుకెళ్ళలేను. నువ్వు నోరు మూసుకుని నిలబడు, చాలు."

సేనాని ఎదుట బావ గూటి తలుపు తీశాడు. ఒక కోడి బయటికొచ్చి, ముద్దను చూసి, తాపీగా కూలబడింది. మిగతావి తల కూడా తిప్పలేదు.

"దేవుళ్ళు వద్దంటున్నార్రోయ్!" అని వెనక ఎవడో అరిచాడు. వరుసలు కదిలాయి.

సేనాని వంగి కోడి మెడ కింద తడిమాడు. మేత సంచి గట్టిగా, నిండుగా తగిలి ఉంటుంది. బావకేసి చూశాడు.

"అవతల నీకెవరున్నారు?" అన్నాడు మెల్లగా.

"కొడుకండీ."

"నాకు అల్లుడు."

లేచి దండు వైపు తిరిగాడు. "చూశారా! ఈ ఒడ్డున వీటి కడుపు నిండిపోయింది. ఇక మన తిండి ఆ ఒడ్డునే!"

దండు హోరెత్తింది. ఇందాక వద్దని అరిచినవాడే అందరికంటే గట్టిగా కేక పెట్టాడు. వాడి గొంతు పిసకాలనిపించింది.

కోళ్ళ గూడు సైన్యానికి ముందు నడవాలి, అది మా ఆనవాయితీ. బావ గూడు ఎత్తుకున్నాడు.

"ఇటివ్వు బావా, నేను మోస్తా."

"వద్దురా. ముందు నేను కనబడితే మావాడు ఆగుతాడేమో," అంటూ నీళ్ళలోకి దిగాడు.