గోడ పై సగం

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు బ్యాంకు పంపిన మనిషి ఇల్లు చూడడానికి వచ్చాడు. అతను వెళ్ళేలోపు అతనికి ఒక అబద్ధం చెప్పారు. చెప్పింది భర్త. భార్య పక్కనే నిలబడి ఉంది.

బ్యాంకు మనిషి ముందు గదిలోకి వస్తూనే గోడ మీద వేలు ఆనించి చూసుకున్నాడు. వేలికి రంగు అంటలేదు గానీ వాసన ఇంకా పోలేదు.

"కొత్తగా వేసినట్టున్నారే. ఎవరు వేశారండీ?"

"ఎవరు వేస్తారు సార్? నేనే. పెయింటర్ ఇంట్లో ఇంకో పెయింటర్ కాలు పెడతాడా?"

"పైన అంచులు కూడా మీరేనా?"

"అంచుల దగ్గరే కదా సార్ పనివాడెవడో తెలిసేది."

అతను నవ్వి, ఫోన్లో ఏదో రాసుకుని, గోడను పైనుంచి కిందిదాకా ఫొటో తీశాడు. భార్య లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు అందిస్తున్నప్పుడు చెప్పొచ్చు అనుకుంది. అతను నీళ్ళు తాగి, గ్లాసు తిరిగిచ్చి, చెప్పులేసుకున్నాడు. ఆమె చెప్పలేదు.

భర్తను పనిలో అందరూ సీలింగు అంటారు. ఆ పేరు పెట్టింది అతన్ని పనికి పిలిచే మేస్త్రీ. తలెత్తి, చెయ్యెత్తి పొద్దుగుంకేదాకా రంగు వేసినా కింద నేల మీద చుక్క పడనివ్వడని ఆ పేరు వచ్చింది. అసలు పేరుతో పిలిచేది ఇప్పుడు బ్యాంకు వాళ్ళొక్కరే. ఆరు నెలల కిందట ఒక సినిమాహాలు సీలింగు పూర్తి చేసి వచ్చిన రాత్రి అతను చొక్కా విప్పుకోలేకపోయాడు. కుడి భుజంలో కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువు చిరిగిందని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ చేసినా చెయ్యి మునుపటంత పైకి లేస్తుందని హామీ ఇవ్వలేనన్నాడు.

ఈ సంగతి తెలిసింది డాక్టరుకు, భార్యకు. మేస్త్రీ పనికి పిలిస్తే సీలింగు, "సొంతంగా కాంట్రాక్టులు పట్టుకున్నాను అన్నా, తీరిక లేదు" అని చెప్పాడు. మేస్త్రీ అలిగి పిలవడం మానేశాడు. ఆ తర్వాత సీలింగు దూరపు వీధుల్లో కిటికీ చువ్వలకు, గేట్లకు రంగు వేసి వచ్చేవాడు. నేల మీద నిలబడి చేసే పనికి కూలి తక్కువ. భార్య లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఆమె జీతం ఇంటి ఖర్చుకు సరిపోతోంది, ఇంటి అప్పుకు మిగలడం లేదు. నాలుగు వాయిదాలు తప్పాయి.

కష్టంలో ఉన్నవాళ్ళకు బ్యాంకు వాయిదా తగ్గించి గడువు పెంచుతుందని లాండ్రీలో ఎవరో చెబితే ఆమే వెళ్ళి దరఖాస్తు తెచ్చింది. కారణం రాయాల్సిన చోట సీలింగు 'పనులు తగ్గాయి' అని రాశాడు.

"భుజం సంగతి రాయకూడదూ?" అందామె.

"బ్యాంకులో రాస్తే ఊళ్ళో టముకు వేయించినట్టే. రేపు చెయ్యి బాగుపడ్డాక ఎవడు పిలుస్తాడు?"

చెయ్యి బాగుపడుతుందని హామీ ఇవ్వలేనని డాక్టరు చెప్పినప్పుడు ఆమె కూడా అక్కడే ఉంది. ఆ మాట ఎత్తలేదు.

ఇల్లు చూడడానికి మనిషి వస్తాడని బ్యాంకు నుంచి ఫోన్ వచ్చాక సీలింగు ముందుగది గోడను చూస్తూ కూర్చున్నాడు. తేమకు గోడ పైభాగం పొక్కి పెచ్చులు లేచి ఉంది.

"పెయింటర్ ఇంటి గోడ ఇట్లా ఉంటే వచ్చినవాడు ఏమనుకుంటాడు?"

"ఇబ్బందుల్లో ఉన్నారనుకుంటాడు. మనం చెప్పుకుంటున్నదీ అదేగా?"

"నీకు తెలీదు. పని చేతకాని వాడికి ఎవడైనా గడువిస్తాడా? మనిషిలో సత్తా ఉంది, ఇవాళ కాకపోతే రేపు కడతాడు అనిపించాలి."

ఆమెకు ఆ మాటలోనూ న్యాయం ఉన్నట్టే తోచింది. లాండ్రీలో కూడా నలిగిన బట్టలతో వచ్చినవాడికి అరువివ్వరు.

పెరట్లో పాత పనుల తాలూకు డబ్బాలున్నాయి. ఒక్కోదాని అడుగున కొంచెం కొంచెం రంగు మిగిలి ఉంది. సీలింగు వాటన్నిటినీ పలచని గుడ్డలో వడకట్టి ఒక బకెట్లో కలిపాడు. బూడిదకీ మీగడకీ మధ్య రంగు వచ్చింది. పైసా ఖర్చు కాలేదు. పెచ్చులు గీకి, గరుకు కాగితంతో రుద్ది, ఆదివారం మధ్యాహ్నం బ్రష్షు పట్టాడు. భుజం ఎత్తు దాకా అతనే వేశాడు. అక్కడ ఆగి, బ్రష్షు ఆమె చేతికిచ్చాడు.

ఆమె బల్ల మీద పీట వేసుకుని ఎక్కింది. అతను కింద నిలబడి చెప్పాడు.

"చెయ్యంతా ఊపకు. మణికట్టు తిప్పు. ఆ... తడి ఆరకముందే కిందిదాంట్లోకి లాగు, లేకపోతే అతుకు కనబడుతుంది."

"ఇస్త్రీ కూడా అంతే. తడి ఉండగానే."

"మాటలు తగ్గించు, చుక్కలు పడుతున్నాయి."

సోమవారం సాయంత్రానికి ఆమెకు మెడ తిరగలేదు. "ముప్ఫై ఏళ్ళు ఈ పని చేశారు, మీ మెడ ఇంకా ఎలా ఉందండీ?" అంది.

"మెడ ఉంది. భుజమే పోయింది."

ఇద్దరూ నవ్వారు. ఆ రాత్రి బాగానే నిద్రపోయారు.

బుధవారం అతని అక్క వచ్చింది. గుమ్మంలోనే ఆగి గోడను చూసింది.

"ఏమ్మా మరదలా, లాటరీ గానీ తగిలిందా?"

"లేదు వదినా, పాత డబ్బాల్లో మిగిలిందే."

"అప్పులవాడు వస్తున్నాడంటే దీపం ఆర్పుకుని కూర్చునేవాళ్ళను చూశాను. ముస్తాబు చేసుకునేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నా. వచ్చింది బ్యాంకువాడా, కొత్త అల్లుడా?" తమ్ముడి వైపు తిరిగింది. "ఒరే, పైన పటారం లోన లొటారం అని మనలాంటి వాళ్ళను చూసే అన్నారురా."

"నువ్వు కూర్చో అక్కా ముందు."

"కూర్చుంటే రంగు అంటుతుందేమో" అంటూనే కూర్చుంది.

తొమ్మిది రోజుల తర్వాత బ్యాంకు ఉత్తరం వచ్చింది. ఇంటికి ఈ మధ్యనే మరమ్మతులు చేయించారని, అప్పు తీసుకున్న వ్యక్తి తన వృత్తిలో కొనసాగుతున్నట్టు స్వయంగా చెప్పాడని అందులో ఉంది. వాయిదా తగ్గించడం కుదరదు. నెలాఖరులోగా బకాయి కట్టకపోతే ఇంటిని వేలానికి పెట్టే పని మొదలవుతుంది.

మర్నాడు ఇద్దరూ బ్యాంకుకు వెళ్ళారు. అప్పుల విభాగంలో కూర్చున్న ఆఫీసరమ్మ ఫైలు తెరిచి ఫొటో చూపించింది. గోడ ఫొటోలో ఇంకా బాగా వచ్చింది.

"పనులు తగ్గాయని రాశారు. మా మనిషి మీ పని కళ్ళారా చూసి వచ్చాడు. నన్నేం చేయమంటారు?"

"ఇంటి పని వేరు, బయటి పని వేరు మేడమ్" అన్నాడు సీలింగు.

"ఎట్లా వేరు?"

అతను ఫైలును కొంచెం తన వైపు జరుపుకున్నాడు.

"చూడండి, ఒకసారి కాదన్నదాన్ని మళ్ళీ చూడాలంటే మూడే కారణాలు ఒప్పుకుంటారు. ఉద్యోగం పోవాలి, జబ్బు చేయాలి, ఇంట్లో సంపాదించే మనిషి చనిపోవాలి. మీది ఏది?"

"ఆలోచించి చెప్తాం మేడమ్" అన్నాడు సీలింగు.

"ఆలోచించడానికేముందండీ? జరిగిందేదో అదే కదా."

భార్య భర్త ముఖం వైపు చూసింది. అతను ఫొటో వైపు చూస్తున్నాడు. ఆఫీసరమ్మ ఒక చీటీ మీద రాసిచ్చింది. జబ్బైతే డాక్టరు కాగితం కావాలి. ఎవరి దగ్గర పనిచేసేవాడో వాళ్ళ నుంచి, ఎప్పటినుంచి పని లేదో రాయించుకు రావాలి. గోడ గురించి ముందు చెప్పినదానికి సంజాయిషీ ఇవ్వాలి.

బస్సులో ఇద్దరికీ సీటు దొరికింది. రెండు స్టాపులు దాటాక ఆమె అడిగింది.

"పై సగం నేను వేశానని ఎందుకు చెప్పలేదు మీరు?"

"నువ్వెందుకు చెప్పలేదు?"

"నలుగురిలో మీ మాటకు అడ్డురావడం దేనికని."

"నలుగురెక్కడున్నారు? ఉంది ఒక్కడేగా."

"ఆ ఒక్కడే మన కొంప ముంచాడు."

"ముంచింది అతను కాదులే" అన్నాడు సీలింగు.

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "నీళ్ళిచ్చేటప్పుడు చెబుదామనుకున్నా. నా నోరూ పడిపోయింది" అంది.

తర్వాతి స్టాపులో అతను లేచాడు. అది వాళ్ళు దిగేది కాదు. "మేస్త్రీ ఇక్కడే ఆసుపత్రి కట్టే చోట ఉంటాడు. వస్తావా?" అన్నాడు.

ఆసుపత్రికి ఇంకా తలుపులు పెట్టలేదు. మేస్త్రీ కింది అంతస్తులో బోర్లించిన డబ్బా మీద కూర్చుని టీ తాగుతున్నాడు. వీళ్ళను చూసి లేవలేదు.

"రండి రండి కాంట్రాక్టరు గారూ! దారి తప్పారా? ఏమ్మా, మీ ఆయన ఇప్పుడు పెద్దమనిషి, మాబోటి వాళ్ళ గడప తొక్కడే!"

"అన్నా, కాంట్రాక్టులేం లేవు."

"అప్పుడే అయిపోయాయా?"

"ఎప్పుడూ లేవు. చెయ్యి లేవడం లేదు."

మేస్త్రీ నవ్వాడు. "పని ఎగ్గొట్టే ప్రతివాడూ నాతో చెప్పే మాటే ఇది. ఏదీ, లేపు చూద్దాం."

సీలింగు కుడిచెయ్యి ఎత్తాడు. అది రొమ్ము దాకా వచ్చింది. భుజం దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళంతా ఎడమవైపు ఒరిగింది. చెయ్యి అంతకన్నా పైకి పోలేదు. కాసేపు అలాగే ఉంచి దించాడు. భార్య ఇంట్లో ఎన్నిసార్లో చూసింది గానీ, బయట, పగటి వెలుతురులో చూడడం అదే మొదలు.

మేస్త్రీ టీ గ్లాసు కింద పెట్టి లేచాడు.

"ఎన్నాళ్ళయింది?"

"సినిమాహాలు పనైనప్పటినుంచి."

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెబితే పిలుస్తావా?"

మేస్త్రీ ఆలోచించాడు. "పిలవను" అన్నాడు. "కింద నిలబడి చేసేదానికి కుర్రాళ్ళున్నారు. నీ కూలిలో సగానికే వస్తారు."

"తెలుసు."

"మరి ఇప్పుడు చెప్తున్నావే?"

"ఇల్లు పోతుందన్నా."

మేస్త్రీ ఎవరినో కేకేసి కాగితం, పెన్ను తెప్పించాడు. తన రాత కోళ్ళు గీకినట్టు ఉంటుందని, ఆమెనే రాయమన్నాడు. అతను చెప్పాడు, ఆమె డబ్బా మీద కాగితం పెట్టుకుని రాసింది. ఫలానా నెల నుంచి ఈ వ్యక్తి నా దగ్గర పనిలో లేడు. భుజం చెడినందువల్ల ఇకముందు ఎత్తులో రంగు వేసే పనికి పనికిరాడు.

'పనికిరాడు' దగ్గర ఆమె పెన్ను ఆపింది. "వేరే మాట లేదా అన్నయ్యా?"

"రాయి" అన్నాడు భర్త.

మేస్త్రీ సంతకం పెట్టి కాగితం ఇస్తూ, "పై అంతస్తు సీలింగు నీకనే ఆపి ఉంచానురా" అన్నాడు. "అలిగానే గానీ ఇంకెవరికీ చెప్పలేదు."

"ఇప్పుడు చెప్పెయ్ అన్నా."

సోమవారం డాక్టరు కాగితం, మేస్త్రీ కాగితం బ్యాంకులో ఇచ్చారు. సంజాయిషీ సీలింగే చెప్పాడు, ఆఫీసరమ్మ కంప్యూటరులో ఎక్కించింది.

"భుజం ఎత్తు దాకా నేను వేశాను మేడమ్. పైదంతా మా ఆవిడ వేసింది. మీవాడు అడిగితే సిగ్గుపడి అంతా నేనే అన్నాను."

ఆఫీసరమ్మ భార్య వైపు తిరిగింది. "మీరు కూడా పెయింటరేనా?"

"లాండ్రీలో ఇస్త్రీ చేస్తాను మేడమ్."

గురువారం బ్యాంకు మనిషి మళ్ళీ వచ్చాడు. గోడ దగ్గరగా వెళ్ళి, కింది సగం ఎక్కడ ఆగిందో, పై సగం ఎక్కడ మొదలైందో వెతికాడు.

"తేడా తెలియడం లేదండీ. ఏమని రాయను?"

"తెలియకూడదనే సార్ దగ్గరుండి వేయించింది" అన్నాడు సీలింగు. భార్య అతని వైపు చూసింది. అతను గొంతు తగ్గించాడు. "అతుకు కనబడదు సార్. చెయ్యి కనబడుతుంది. అది చూసి రాసుకోండి."

గోడకు ఆనుకుని నిలబడి చెయ్యి ఎత్తాడు. బ్యాంకు మనిషి ఫొటో తీశాడు. సరిగ్గా రాలేదని ఇంకోసారి ఎత్తమన్నాడు. అతను ఇంకోసారి ఎత్తాడు. ఈసారి భార్య మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళలేదు.

నెలాఖరుకు రెండు రోజుల ముందు ఫోన్ వచ్చింది. వాయిదా తగ్గించారు, గడువు ఏడేళ్ళు పెంచారు, పాత బకాయిని గడువు చివర్లో కలిపారు. సంతకాలకు రమ్మన్నారు.

కాగితాల్లో వృత్తి అని ఉన్నచోట పాత దరఖాస్తులోని 'పెయింటర్' అలాగే ఉంది. ఆఫీసరమ్మ దాన్ని చూసి, ఇది ఉంటే పైవాళ్ళు మళ్ళీ ప్రశ్నిస్తారంది.

"ఏం రాయమంటారు?"

"ఖాళీగా వదిలెయ్యండి మేడమ్."

"ఖాళీగా ఉంచితే కంప్యూటర్ తీసుకోదండీ. లేదు అని కొట్టనా?"

సీలింగు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"కొట్టండి" అన్నాడు.

కాగితం మళ్ళీ అచ్చయి వచ్చింది. వృత్తి, లేదు. దాని కింది వరుసలో భార్య వృత్తి, లాండ్రీ. ఇద్దరూ సంతకాలు పెట్టారు. కొత్త వాయిదాల్లో మొదటిది ఐదో తారీకున కట్టారు.